పాత డెస్క్‌టాప్‌కీ, ఆఫీసు ల్యాప్‌టాప్‌కీ కలిపి ఒకే మానిటర్: ఏ పోర్టులు చూసి కొనాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: విశాఖ ఎంవీపీ కాలనీలో ఇల్లు. పాత డెస్క్‌టాప్ వెనక వీజీఏ, డీవీఐ అనే పాతకాలపు వీడియో పోర్టులు మాత్రమే ఉన్నాయి. ఆఫీసు ల్యాప్‌టాప్‌కి ఒక హెచ్‌డీఎంఐ, ఒక టైప్‌-సి ఉన్నాయి. రెండింటికీ పనికొచ్చే 27 అంగుళాల మానిటర్ కావాలి. ద్వారకానగర్‌లో షాపతను "ఏది తీసుకున్నా కన్వర్టర్ పెట్టేద్దాం" అంటున్నాడు, నమ్మొచ్చా అని.

ఆ మాట మీద ఆధారపడి కొనకండి. కన్వర్టర్‌కి ఒక దిక్కు ఉంటుంది. కంప్యూటర్ వైపు ఏ పోర్టు, మానిటర్ వైపు ఏ పోర్టు అన్నది తేలకుండా కొంటే సగం సార్లు అది డబ్బాలోనే ఉండిపోతుంది. ఉదాహరణకి డిస్‌ప్లేపోర్ట్ (డీపీ; హెచ్‌డీఎంఐ లాంటిదే మరో వీడియో పోర్టు) నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే మామూలు కేబుల్‌నే తీసుకోండి. కంప్యూటర్‌లో డిస్‌ప్లేపోర్ట్, మానిటర్‌లో హెచ్‌డీఎంఐ ఉంటేనే అది పని చేస్తుంది. అదే కేబుల్‌ని తిప్పి ల్యాప్‌టాప్ హెచ్‌డీఎంఐకి, మానిటర్ డిస్‌ప్లేపోర్ట్‌కి పెడితే "నో సిగ్నల్" అనే వస్తుంది. ఆ దిక్కులో వెళ్లాలంటే లోపల చిప్ ఉండి, యూఎస్‌బీ నుంచి కరెంటు తీసుకునే కన్వర్టర్ కావాలి. షాపులో అడిగేటప్పుడు "డీపీ టు హెచ్‌డీఎంఐ ఇవ్వండి" అని ఊరుకోకుండా "కంప్యూటర్‌లో ఇది, మానిటర్‌లో అది" అని విడమరిచి చెప్పండి.

ఇక మీ డెస్క్‌టాప్ సంగతి. డీవీఐ ఉండగా వీజీఏ జోలికి వెళ్లకండి. డీవీఐ, హెచ్‌డీఎంఐ రెండూ డిజిటలే, సిగ్నల్ తీరు కూడా ఒకటే. అందుకే డీవీఐ-హెచ్‌డీఎంఐ కేబుల్‌లో చిప్ ఏమీ ఉండదు, కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లాలంటే మాత్రం అనలాగ్ సిగ్నల్‌ని మళ్లీ డిజిటల్‌గా మార్చాలి. దానికి యూఎస్‌బీ కరెంటు కావాలి, శబ్దానికి వేరే వైరు కావాలి. సన్నని నిలువు గీతలు వణుకుతున్నట్టు, అక్షరాల పక్కన నీడ పడ్డట్టు కనిపించవచ్చు. నేరుగా వీజీఏ పెట్టినప్పుడైతే మానిటర్ మెనూలో ఆటో అడ్జస్ట్ నొక్కి కొంత సరిచేసుకోవచ్చు. మధ్యలో కన్వర్టర్ ఉంటే ఆ వీలు కూడా పోతుంది, ఎందుకంటే మానిటర్‌కి అందేసరికే బొమ్మ డిజిటల్ అయిపోయి ఉంటుంది.

డీవీఐ దారికీ రెండు పరిమితులున్నాయి. ఒకటి, సాధారణంగా శబ్దం రాదు. డెస్క్‌టాప్ వెనక ఆకుపచ్చ జాక్ నుంచి స్పీకర్లకు విడిగా వైరు వేసుకోవాలి. రెండోది అసలు విషయం: ఈ కేబుల్ మీద 60 హెర్ట్జ్ (సెకనుకు 60 సార్లు బొమ్మ మారడం) దగ్గర 1920×1200 పిక్సెళ్ల వరకే లెక్కపెట్టుకోండి. అంటే మీరు 2560×1440 మానిటర్ కొంటే, డెస్క్‌టాప్ పెట్టినప్పుడు 1080పీ (1920×1080) బొమ్మనే సాగదీసి చూపిస్తుంది. పాడైందేమీ లేదు, కాకపోతే అక్షరాల అంచులు మెత్తబడతాయి.

కాబట్టి ఏ మెషీన్ మీద ఎక్కువ సేపు పని చేస్తారో ముందు తేల్చుకోండి. డెస్క్‌టాప్ మీదే అయితే 24 అంగుళాల 1080పీ చాలు, అంగుళానికి 92 పిక్సెళ్లు వస్తాయి. అదే 1080పీని 27 అంగుళాలకు పరిస్తే 82కి పడిపోతుంది. తెలుగులో చదివే వాళ్లకి ఇది బాగా తెలుస్తుంది: "స్త్రీ", "లక్ష్మి" లాంటి మాటల్లో కింది ఒత్తులు చిన్న సైజులో కలిసిపోతాయి. ల్యాప్‌టాప్ మీద ఎక్కువ పనైతే 27 అంగుళాల 1440పీ (2560×1440), అంగుళానికి 109 పిక్సెళ్లు. నా ఓటు దీనికే.

ల్యాప్‌టాప్‌కి సూటి దారి హెచ్‌డీఎంఐ. పాత 1.4 రకమైనా 1440పీని 60 హెర్ట్జ్‌లో ఇబ్బంది లేకుండా ఇస్తుంది. 4కె (3840×2160) కావాలనుకుంటే మాత్రం 1.4లో 30 హెర్ట్జే వస్తుంది, మౌస్ బాణం ఆగి ఆగి కదిలినట్టుంటుంది. 4కెని 60లో చూడాలంటే ల్యాప్‌టాప్, కేబుల్, మానిటర్ మూడూ 2.0 స్థాయివి కావాలి. మూడింట్లో ఏది తక్కువైతే దాని లెక్కే చెల్లుతుంది.

టైప్‌-సి దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. ఆకారం ఒకటే అయినా అన్ని టైప్‌-సి పోర్టుల్లోనూ వీడియో రాదు. పోర్టు పక్కన థండర్‌బోల్ట్ వారి మెరుపు గుర్తో, డిస్‌ప్లేపోర్ట్ వారి డీ ఆకారపు గుర్తో ఉంటే వస్తుంది. ఏ గుర్తూ లేకపోతే మోడల్ నంబరుతో తయారీ కంపెనీ సైట్‌లో "డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్" అన్న మాట ఉందేమో చూడండి. ఫోన్ చార్జర్‌తో వచ్చిన కేబుల్ పెట్టి "రావట్లేదు" అనుకోకండి, వాటిలో చాలావాటికి వీడియో మోసే తీగలే ఉండవు. డిస్‌ప్లేలింక్ రకం డాక్ (సాఫ్ట్‌వేర్ సాయంతో యూఎస్‌బీ మీదుగా బొమ్మ పంపే పెట్టె) అంటగడితే వద్దనండి. దానికి డ్రైవర్ వేయాలి, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఐటీ వాళ్ల అనుమతి లేనిదే అది కుదరకపోవచ్చు.

టైప్‌-సి ఉన్న మానిటర్ తీసుకుంటే ఒక్క వైరుతో బొమ్మా, చార్జింగూ రెండూ అయిపోతాయి. ముందు ల్యాప్‌టాప్ చార్జర్ మీది చీటీ చదవండి. అవుట్‌పుట్ 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు అని ఉంటే గుణిస్తే 65 వాట్లు. మానిటర్ టైప్‌-సి కూడా అంత ఇవ్వాలి. 15 వాట్లే ఇచ్చేదైతే పని చేస్తుండగానే బ్యాటరీ తరిగిపోతుంది.

మీకు సరిపోయేది: 27 అంగుళాల 1440పీ, కనీసం ఒక హెచ్‌డీఎంఐ, ఒక డిస్‌ప్లేపోర్ట్, వీలైతే చార్జింగ్ ఇచ్చే టైప్‌-సి. డెస్క్‌టాప్ డీవీఐ కేబుల్‌తో హెచ్‌డీఎంఐలోకి, ల్యాప్‌టాప్ టైప్‌-సిలోకి. ల్యాప్‌టాప్ టైప్‌-సిలో వీడియో లేదని తేలితే డిస్‌ప్లేపోర్ట్ మీకు ఉపయోగపడదు, రెండు హెచ్‌డీఎంఐలు ఉన్న మానిటరే చూసుకోండి.

షాపుకి ల్యాప్‌టాప్ పట్టుకెళ్లండి. అక్కడే తగిలించి విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిచి 2560×1440, 60 హెర్ట్జ్ కనిపిస్తున్నాయో లేదో చూడండి. నలుపు మీద ఎర్ర అక్షరాలు టైప్ చేసి చూడండి. ఎరుపు అలుక్కుపోయినట్టుంటే రంగుల సమాచారం కుదించి పంపుతోందని అర్థం, అప్పుడు కేబుల్ మార్చి, మానిటర్ మెనూలో హెచ్‌డీఎంఐ వెర్షన్ సెట్టింగ్ చూడాలి.

ఇంకొకటి. బీచ్‌కి దగ్గరి ఇళ్లలో ఉప్పుగాలికి ఖాళీగా ఉన్న పోర్టుల పిన్నులకు చిలుము పట్టొచ్చు. వాడని పోర్టులకు రబ్బరు మూతలు పెట్టండి. కొన్నాళ్లకు తెర ఉన్నట్టుండి మినుకుమంటే కొత్త కేబుల్ కొనే ముందు కరెంటు ఆపి, రెండు కొసలూ ఊడదీసి, పిన్నుల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక పెట్టి చూడండి. డిస్‌ప్లేపోర్ట్ కేబుల్‌కి పైన మీట ఉంటే అది నొక్కి లాగాలి, నొక్కకుండా లాగితే పోర్టు దెబ్బతినొచ్చు.