పక్కింటి దుతార్

ప్రశ్న: నా బాల్యం కజకిస్తాన్‌లోని అల్మాటీలో గడిచింది. పక్కింటి ఉయ్ఘుర్ (మధ్య ఆసియాకు చెందిన ఒక తుర్కిక్ జాతి) కుటుంబం సాయంత్రాలు రెండు తీగల వాద్యం వాయిస్తూ పాడేది. ఈమధ్య మళ్లీ అక్కడికి వెళ్లి అదే వాద్యం, దుతార్, కొనుక్కున్నాను. శ్రుతి గంటసేపైనా నిలవడం లేదు. ఎందుకని?

జవాబు: ముందు తీగ చూడండి. పట్టు తీగల స్థానంలో ఇప్పుడు ఎక్కువగా నైలాన్ తీగలు వస్తున్నాయి. కొత్త నైలాన్ తీగ నాలుగైదు రోజులు సాగుతూనే ఉంటుంది, రోజూ బిగించక తప్పదు. వారం దాటినా జారుతుంటే లోపం బిరడాది, అంటే తీగను చుట్టి బిగించే మరది. తీగను మూడు నాలుగు చుట్లు, ఒకదాని పక్కన ఒకటి పడేలా చుట్టండి. ఒకదానిమీద ఒకటి పడితే పైచుట్టు నెమ్మదిగా కిందికి దిగబడి శ్రుతి తగ్గుతుంది. బిరడా నున్నబడి ఉంటే కాస్త సుద్ద రాసి, లోపలికి నొక్కుతూ తిప్పండి. నూనె మాత్రం వద్దు.

రెండు తీగలూ ఒకేసారి విప్పకండి. గుర్రం, అంటే తీగల కింద నిలిచే చిన్న చెక్క, అతికించి ఉండదు; తీగల బిగువుకే నిలుస్తుంది. దాని చోటును ముందే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. అయినా జరిగిపోతే ఇలా సరిచూసుకోవచ్చు: తీగను సరిగ్గా సగం పొడవు దగ్గరి మెట్టు (మెడ మీది అడ్డకట్టు) మీద నొక్కితే పై షడ్జమం పలకాలి. స్వరం హెచ్చితే గుర్రాన్ని మెడకు దూరంగా, తగ్గితే దగ్గరగా వెంట్రుకవాసి జరపండి.

కింది శ్రుతి తీగ షడ్జమం అనుకుంటే రెండోది మధ్యమానికో పంచమానికో కలపాలి. రెండూ వాడుకలో ఉన్నాయి, పాటను బట్టి మార్చుకుంటారు. మీటడం వేళ్లతోనే. మొదటి రెండు వారాలు ఎడమచేతిని వదిలేసి కుడిచేతి లయ మీదే కూర్చోండి. దుతార్ పాటకు ప్రాణం అక్కడే ఉంది.

ప్రశ్న: ఆనాటి పాటల కోసం పన్నెండు ముకాంలు (ఉయ్ఘుర్ల సంప్రదాయ గీతమాలికలు) మొదటినుంచీ వినాలా?

జవాబు: వద్దు. అన్నీ కలిపితే ఇరవై గంటలు దాటుతాయి. ప్రతి ముకాం తాళం లేని ఆలాపనతో మొదలై చోంగ్ నగ్మా, దాస్తాన్, మెష్రెప్ అనే మూడు భాగాలుగా సాగుతుంది. మెష్రెప్‌తో మొదలుపెట్టండి. నాట్యానికి తగిన చురుకైన పాటలవి, చిన్నప్పుడు వినిపించినవాటికి దగ్గరగా ఉంటాయి. అల్మాటీ ప్రాంతపు ఉయ్ఘుర్లలో చాలామంది పూర్వీకులు 1881 తర్వాత, ఇప్పుడు చైనా షిన్‌జియాంగ్‌లో ఉన్న ఇలీ లోయ నుంచి వలస వచ్చినవారు. కాబట్టి షిన్‌జియాంగ్ దక్షిణాన ఉన్న కాష్గర్ పాటలకన్నా ఇలీ జానపదాలు ముందు వెతకండి. ఈసారి అల్మాటీ వెళితే 1934లో మొదలైన ఉయ్ఘుర్ సంగీత నాటకశాలలో ఒక ప్రదర్శన చూడండి. చెవి కుదిరాక, 1950ల్లో రికార్డు చేసిన, ముకాం విద్వాంసుడు తుర్దీ అఖూన్ ముకాంలకు రండి.