విటమిన్ డబ్బాలో దాచిన మాత్రలు

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. స్కూల్లో టీచర్‌ని. మావారు, ఇద్దరు పిల్లలు, అత్తగారితో కలిసి ఉంటాను. అయిదు నెలల కిందట మొదలైంది ఈ బాధ. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేది, మళ్లీ నిద్ర పట్టేది కాదు. ఏ పనీ చేయబుద్ధయ్యేది కాదు. బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి, ఏడ్చి, మొహం కడుక్కుని బయటికొచ్చేదాన్ని. అక్క బలవంతం మీద సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్తే డిప్రెషన్ అని చెప్పి మందులు రాశారు. ఇంట్లో తెలియకూడదని మాత్రల్ని విటమిన్ డబ్బాలో పోసుకుని రెండున్నర నెలలు వాడాను. చాలా తేడా కనిపించింది. ఇంతలో మందుల చీటీ అత్తగారి కంటపడింది. ‘ఇవి పిచ్చివాళ్లు మింగే మందులు, అలవాటైతే జన్మలో వదలవు, నీకేం లోటని ఇదంతా? బయట తెలిస్తే పిల్లలు తలెత్తుకు తిరగ్గలరా?’ అన్నారు. మావారు పక్కనే ఉండి ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ రాత్రే మాత్రలు మానేశాను. తొమ్మిది రోజులైంది. తల తిరుగుతోంది, ఉండుండి తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమంటోంది. అంటే నేను ఆ మాత్రలకు బానిసనయ్యాననే కదా? నేను లేకపోతేనే వీళ్లంతా ప్రశాంతంగా ఉంటారేమో అని కూడా అనిపిస్తోంది.

జవాబు: అమ్మా, ఉత్తరం చివర మీరు పైపైన రాసి వదిలేసిన మాట దగ్గరే మొదలుపెడతాను. నేను లేకపోతేనే వీళ్లు ప్రశాంతంగా ఉంటారన్న ఆలోచనను జబ్బే పుట్టిస్తోంది. డిప్రెషన్ ముదిరేకొద్దీ మనిషి తన వాళ్లకు తానొక బరువని లెక్కలు వేసుకోవడం మొదలుపెడతారు. ఆ లెక్క ఎంత తప్పో అప్పుడు వాళ్లకు కనిపించదు. ఇది చదవగానే మీ అక్కకు ఫోన్ చేసి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పండి. చనిపోవాలనే కోరిక గానీ, ఎలా అన్న ఊహ గానీ వస్తుంటే ఒక్క నిమిషం కూడా ఒంటరిగా ఉండొద్దు. ఎవరినైనా తోడు తీసుకుని దగ్గర్లోని ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి, లేదా ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. ఇంట్లో ఉన్న మందులన్నీ కొన్నాళ్లపాటు అక్క దగ్గర పెట్టండి. మీ అక్కకూ ఒక మాట చెప్పాలి. ‘చనిపోవాలనిపిస్తోందా?’ అని చెల్లెల్ని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన కొత్తగా పుడుతుందని చాలామంది భయపడతారు. అలా పుట్టదు. అడిగే మనిషి దొరికితే లోపలున్నది బయటికొస్తుంది.

ఇక మాత్రల సంగతి. తల తిరగడం, కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం, చిరాకు, పీడకలలు ఇవన్నీ డిప్రెషన్ మందుల్ని హఠాత్తుగా ఆపేసినప్పుడు చాలామందికి వస్తాయి. మానేసిన కొద్ది రోజుల్లోనే మొదలవుతాయి. ఎక్కువమందికి ఒకటి రెండు వారాల్లో తగ్గుతాయి, కొందరికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. ఆ మందుకు అలవాటుపడిన నరాలు ఒక్కసారిగా అది లేకపోయేసరికి తడబడటం వల్ల వచ్చే ఇబ్బంది ఇది. కొన్ని రకాల బీపీ మాత్రలు ఉన్నట్టుండి మానేసినా ఒళ్లు ఎదురు తిరుగుతుంది. అలాగని బీపీ మందు వేసుకునేవాళ్లను బానిసలని అనం కదా! బానిస అయిన మనిషికి ఆ వస్తువు మీద యావ ఉంటుంది. మోతాదు పెంచుకుంటూ పోతారు, దొరక్కపోతే దాని కోసం వెతుకుతారు. మీరు డబ్బాను పక్కన పెట్టి తొమ్మిది రోజులు ఉన్నారు. బాధపడ్డారు గానీ ఆ మాత్ర కోసం తహతహలాడలేదు. డిప్రెషన్‌కు సాధారణంగా మొదట ఇచ్చే మందులు నిద్రమాత్రల్లా, మత్తుమందుల్లా వ్యసనంగా మారేవి కావు.

ఆ డబ్బా తెరిచి మళ్లీ పాత మోతాదులో మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు. ఇవాళో రేపో మీ డాక్టరుకు ఫోన్ చేసి, ఏ రోజు నుంచి మానేశారో, ఇప్పుడు ఒంట్లో, మనసులో ఎలా ఉందో ఏదీ దాచకుండా చెప్పండి. ఎంత మోతాదుతో మొదలుపెట్టాలో నిర్ణయించాల్సింది ఆ డాక్టరే. నేను కౌన్సెలర్‌ని, మందులు రాసే అర్హత నాకు లేదు. అయితే మీకు తెలియాల్సిన విషయం ఒకటుంది. ఈ మందులు పనిచేయడం మొదలవడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వికారం, కడుపులో తిప్పడం లాంటివి మాత్రం మొదటి వారంలోనే వస్తాయి. అందుకే చాలామంది మేలు కనిపించకముందే మానేస్తారు. మీరు ఆ కష్టకాలం దాటేశారు, గుణం కూడా కనిపించింది. పూర్తిగా కోలుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు మందు కొనసాగించి, ఆపైన డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి. మధ్యలో ఆపేస్తే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ. జన్మంతా మింగాల్సిందే అన్నది అందరి విషయంలో నిజం కాదు. వెళ్లినప్పుడు థైరాయిడ్, రక్తహీనత, బి12 పరీక్షలు అవసరమా అని కూడా అడగండి. వాటిలో తేడా వచ్చినా ఇలాంటి నీరసం, దిగులు రావచ్చు. మందులతో పాటు మాటలతో చేసే చికిత్స గురించీ అడగండి. రెండూ కలిస్తే ఫలితం బాగుంటుంది.

పిచ్చి అన్న మాట దగ్గరికి వస్తాను. మన భాషలో ఆ మాటకున్నన్ని వేషాలు మరో మాటకు ఉండవేమో. ముద్దొస్తే పిచ్చి తల్లీ అంటాం. కోపమొస్తే పిచ్చా నీకు అంటాం. దేనిమీదైనా ఇష్టం ఎక్కువైతే అదంటే పిచ్చి అని మనమే గొప్పగా చెప్పుకుంటాం. ఇలా రోజంతా అలవోకగా వాడే మాట, ఒక మనిషి సైకియాట్రిస్టు గది ముందు కూర్చునేసరికి ముద్రగా మారిపోతుంది. ఆ గది ముందు కూర్చునేవాళ్లను నేను ఏళ్లుగా చూస్తున్నాను. తెలిసినవాళ్లు ఎవరైనా వస్తారేమోనని గోడవైపు తిరిగి కూర్చుంటారు. రెండు వీధుల అవతల బండి ఆపి నడిచి వస్తారు. పేరు గట్టిగా పిలవొద్దని రిసెప్షన్‌లో బతిమాలతారు. వాళ్లలో ఎక్కువమంది మీలాంటివాళ్లే. ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ, తెల్లవారుజామున కప్పుకేసి చూస్తూ పడుకునేవాళ్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం డిప్రెషన్‌తో బాధపడేవాళ్లు ప్రపంచంలో 28 కోట్లకు పైమాటే. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో ఇది ఎక్కువ.

నీకేం లోటు అని మీ అత్తగారు అడిగారు. ఆ ప్రశ్నే మిమ్మల్ని ఎక్కువ తినేస్తోందని నాకనిపిస్తోంది, ఎందుకంటే అదే ప్రశ్న మీరూ వేసుకుని ఉంటారు. మంచి భర్త, పిల్లలు, ఉద్యోగం, అన్నీ ఉండీ ఏడుస్తున్నానేంటని. లోటు ఉన్నవాళ్లకే వచ్చే జబ్బయితే అలా అడగడంలో అర్థం ఉండేది. డిప్రెషన్ వెనక వంశపారంపర్యం ఉండొచ్చు, మెదడులో మార్పులు ఉండొచ్చు, ఎప్పటెప్పటి ఒత్తిళ్లో ఉండొచ్చు. ఒక్కోసారి ఫలానా కారణమని వేలుపెట్టి చూపించలేం. దిగులు అందరికీ వస్తుంది, పోతుంది. రెండు వారాలకు మించి రోజూ, రోజులో ఎక్కువ భాగం దిగులుగా ఉంటూ, నిద్ర, ఆకలి, ఏకాగ్రత, పనిలో ఆసక్తి కూడా దెబ్బతింటే అది జబ్బు. మనసు గట్టి చేసుకో అని చెబితే పోయేది కాదు.

ఇక్కడ ఒక పాత సంగతి గుర్తొస్తోంది. డిప్రెషన్‌కు వాడిన తొలి మందుల్లో ఒకటి క్షయ వార్డులో బయటపడింది. 1952 ప్రాంతంలో అమెరికాలో ఇప్రోనియాజిడ్ అనే మందును క్షయ రోగులకు ఇస్తే, వాళ్లు ఊపిరితిత్తుల సంగతి ఎలా ఉన్నా ఉత్సాహంగా లేచి తిరగడం డాక్టర్లు గమనించారు. ఆ క్షయ కూడా ఒకప్పుడు ఇంట్లో ఉందని చెప్పుకోవడానికి సిగ్గుపడి దాచిన జబ్బే. మందు వచ్చి, కోలుకున్నవాళ్లు పక్కింట్లో కనిపించాక చాలా చోట్ల ఆ భయం సడలింది.

అలాగని మీరు ఊరంతా చాటాలని నేననను. గుట్టు వేరు, భయంతో దాచడం వేరు. మీ స్కూల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. చుట్టాలకు చెప్పక్కర్లేదు. మీ అనుమతి లేకుండా మీ డాక్టరు మీ వివరాలు బయట చెప్పకూడదు, ప్రాణాపాయం ఉందనుకోవడం లాంటి కొన్ని సందర్భాల్లో తప్ప. కానీ ఒకే ఇంట్లో ఉండే భర్తకు కూడా తెలియకుండా వేరే డబ్బాలో మాత్రలు పోసుకోవాల్సి వచ్చిందంటే, మాత్ర వేసుకున్న ప్రతిసారీ ఏదో తప్పు చేస్తున్నాననే భావం కూడా దాంతో పాటే మింగారు. అందుకే ఒక్క మాట పడేసరికి వాటిని మానేయగలిగారు. మీ పక్షాన నిలబడేవాళ్లు ఆ ఇంట్లో ఒక్కరైనా ఉండాలి.

మీవారి మౌనాన్ని మీరు అంగీకారం అనుకున్నారు. అయ్యుండొచ్చు, కాకపోనూవచ్చు. అయిదు నెలలుగా భార్య ఇంత బాధపడుతోందని మందుల చీటీ చూశాకే తెలిసిన మనిషికి నోట మాట రాకపోవడం నేను చాలాసార్లు చూశాను. మనసు బాగోలేనప్పుడు ఎదుటివాళ్ల మౌనం కూడా మనల్ని తిడుతున్నట్టే వినిపిస్తుంది. ఈ రాత్రి పిల్లలు పడుకున్నాక మీరే మొదలుపెట్టండి. పెద్ద ఉపోద్ఘాతం వద్దు. ‘ఏమండీ, అయిదు నెలలుగా నాకు బాగాలేదు. డాక్టరు డిప్రెషన్ అన్నారు. మందులు వాడితే తగ్గింది, మానేశాక తల తిరుగుతోంది, భయంకరమైన ఆలోచనలు వస్తున్నాయి. ఈసారి డాక్టరు దగ్గరికి మీరు కూడా రావాలి’ అంటే చాలు. నోరు పెగలకపోతే ఈ నాలుగు మాటలే కాగితం మీద రాసి చేతికివ్వండి. ఆయన ముందుకు రాకపోతే అక్కను తీసుకుని వెళ్లండి. వైద్యం మాత్రం ఆయన ఒప్పుకోలు కోసం ఆగకూడదు.

మీ అత్తగారితో ఇప్పుడు వాదనకు దిగొద్దు, మీకు అంత ఓపిక లేదు. ఆవిడ అన్నది చాలా నొప్పించే మాట. అందులో కోడలి మీద కోపం కన్నా భయం ఎక్కువ ఉందేమోనని నా అనుమానం. మనసు జబ్బు పేరెత్తితే మనిషిని గదిలో పెట్టి తాళం వేయడమే తెలిసిన రోజుల్లో పెరిగినవాళ్లు ఆ భయాన్ని మోస్తూనే ఉంటారు. మీ వారు వచ్చి, డాక్టరు చెప్పింది చెవులారా విన్నాక, ఆ విషయం తల్లికి చెప్పాల్సింది ఆయన. కొడుకు నోటి నుంచి వింటే ఆవిడకు ఎక్కే తీరు వేరు.

పిల్లల పరువు అన్నారు కదా. కుళాయి చప్పుడు వెనక ఏడుపు పిల్లలకు వినిపించదని మనం అనుకుంటాం. వాళ్లకు వినిపిస్తుంది. అమ్మ ఎర్రటి కళ్లతో బయటికొస్తే, తామేదో తప్పు చేశామనే అనుకుంటారు. వాళ్ల వయసుకు తగ్గట్టు చెప్పండి: అమ్మకు ఒంట్లో బాగాలేదు, మందులు వేసుకుంటోంది, తగ్గిపోతుంది, అందులో మీ తప్పేం లేదు. ఎవరో ఏదో అనుకుంటారన్న దానికన్నా, వాళ్లకు ముందు కావాల్సింది ఇదే.

అక్కకు ఫోన్ చేయడం ఇవాళే జరగాలి. డాక్టరును కలిశాక నాకు మళ్లీ రాయండి. ఆ తెల్లవారుజాము మూడింటి మెలకువ ఎలా ఉందో మరిచిపోకుండా రాయండి.