పర్లాకిమిడి గోదాములో అడుగుపెడితే తుమ్ములు ఎందుకు?

పర్లాకిమిడి బియ్యం గోదాములో లెక్కలు రాసే ఒకరు, వానాకాలంలో లోపలికి వెళ్లగానే తుమ్ములు, బూజు వాసన, ఎందుకని అడిగారు. చాలావరకు బూజు సిద్ధబీజాల (బూజు గాల్లోకి వదిలే, విత్తనాల్లాంటి సన్నని కణాలు) వల్లే కావచ్చు. మహేంద్రతనయ నది ఒడ్డున ఉన్న ఊరు, వానలు పట్టాక గోడలు ఎక్కడ ఆరతాయి! ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్ అనే బూజు సిద్ధబీజం 2–3.5 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). తేమ పట్టిన గోనెసంచి కదిపితే చాలు, గాల్లోకి లేచి గంటల తరబడి తేలుతుంది, ఊపిరితిత్తుల లోతుకీ చేరుతుంది. చచ్చిన సిద్ధబీజాలూ అలర్జీ తెస్తాయి. అందుకే బ్లీచింగ్ చల్లి వదిలేయకండి.

ముందు కారుతున్న కప్పు బాగుచేయించండి. తడిసినవి 24–48 గంటల్లో ఆరిపోవాలి, గదిలో తేమ 60 శాతం లోపే ఉండాలి. బూజును పొడి చీపురుతో దులపొద్దు, ఎన్95 మాస్క్ పెట్టుకుని తడిగుడ్డతో తుడవండి. ఇంట్లోనూ ఇంతే. ఉబ్బసం ఉన్నవాళ్లను మాత్రం దయచేసి ఆ పనికి పంపకండి.