భుజం ఎత్తుపల్లాలు, వెన్ను వంకర

ప్రశ్న: నేను జిమ్‌లో శిక్షకుడిని. కొత్తగా చేరిన 14 ఏళ్ల అమ్మాయికి కుడి భుజం ఎత్తుగా కనిపిస్తోంది. ఇది కూర్చునే తీరు వల్ల వచ్చిందా, వెన్నెముకలోనే లోపముందా? వ్యాయామంతో సరిచేయవచ్చా?

జవాబు: పక్క నుంచి చూస్తే వెన్నెముకకు వంపులుండటం సహజమే కానీ, వెనుక నుంచి చూస్తే అది దాదాపు నిటారుగా ఉండాలి. పూసలు మెలితిరుగుతూ పక్కకు ఒరిగి, ఎక్స్‌రేలో కొలిచే కాబ్ కోణం (వంపు ఎంతుందో చెప్పే కొలత) 10 డిగ్రీలు లేదా అంతకు మించితే దాన్ని స్కోలియోసిస్ అంటారు. పాదాలు కలిపి, మోకాళ్లు వంచకుండా ముందుకు వంగమని చెప్పి, వెనుక నిలబడి గమనించండి. పక్కటెముకలు ఒకవైపు ఉబ్బెత్తుగా లేస్తే పూసల మెలికను అనుమానించాలి. రెండు వైపులా సమంగా ఉంటే భంగిమో, కాళ్ల పొడవులో తేడానో కారణం కావచ్చు. అయితే ఇది అనుమానానికి ఆధారమే తప్ప నిర్ధారణ కాదు.

ఈ వయసులో ఎముకలు వేగంగా పెరుగుతాయి కాబట్టి వంకర కూడా త్వరగా పెరగవచ్చు. అందుకే ఉబ్బు కనిపిస్తే ఆలస్యం చేయకుండా తల్లిదండ్రులకు చెప్పి ఎముకల వైద్యుని వద్దకు పంపండి. ఎదిగే పిల్లల్లో వంపు సుమారు 25 డిగ్రీలు దాటితే వైద్యులు సాధారణంగా బ్రేస్ (వంపు పెరగకుండా ఒంటికి తొడిగే గట్టి కవచం) గురించి ఆలోచిస్తారు. "భుజం దించు" అని అద్దం ముందు పదేపదే హెచ్చరించడం నా దృష్టిలో ఆ పిల్లను సిగ్గుపడేలా చేయడమే, ఎందుకంటే మెలితిరిగిన పూసలు మాటతో తిరిగి రావు. వైద్యుడు అనుమతిస్తే వీపు, పొట్ట కండరాల బలానికి, ఊపిరి సామర్థ్యానికి సాధన చేయించవచ్చు. కాళ్లలో తిమ్మిరి, బలహీనత, రాత్రి నిద్ర లేపే నొప్పి ఉంటే మాత్రం ఆ రోజే సాధన ఆపించండి.