దావా కాగితాల్లో మీ ముత్తాతలు

చిరంజీవి మేనల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

మీ నాన్నగారి వైపు పెద్దల వివరాలు వెతుకుతున్నానని రాశావు, చాలా సంతోషం నాయనా. ఇన్నేళ్లు కోర్టు రికార్డు గదిలో పనిచేసినవాణ్ణి కనుక చెబుతున్నాను: అన్నిటికంటే ముందు పార్టిషన్ దావా, అంటే ఆస్తి పంపకం కోసం కోర్టులో వేసే కేసు, ఏదైనా నడిచిందేమో కనుక్కో.

అన్నదమ్ములు సామరస్యంగా పంచుకుంటే ఓ పారీఖత్తు (పంపకాల కాగితం) రాసుకుని ఊరుకుంటారు. కోర్టుకెక్కితే మాత్రం ప్లెయింటులో, అంటే దావా వేసినవాళ్లు కోర్టుకిచ్చే అర్జీలో, ఇంటిల్లిపాదినీ చూపించక తప్పదు. మూలపురుషుడి నుంచి వంశవృక్షం వేస్తారు. ఎవరు ముందు పోయారు, ఎవరికి సంతానం లేదు, ఎవరు దత్తు వెళ్లారు, అన్నీ అందులోనే. వాటాదారు మైనరైతే ‘గార్డియను, తల్లి ఫలానా’ అని ఉంటుంది. పాత కాగితాల్లో ఎక్కడా పేరు కనపడని ఆడవాళ్లు చాలాసార్లు ఆ ఒక్క ముక్కలో దొరుకుతారు. దాన్ని వదలకు.

అయితే ప్లెయింటు ఒక పక్షం మాటే. ఆ దత్తత జరగనే లేదని అవతలివాళ్లు జవాబుదావా వేసి ఉండొచ్చు. తీర్పు చదివాకే నీ నోటుబుక్కులో ఎక్కించు. గడువు తీరిన కాగితాలను తీసేయడానికి 1917 నాటి చట్టమే ఉంది కాబట్టి దావా కాగితాల కట్ట మొత్తం దొరక్కపోవచ్చు. తీర్పు, డిక్రీ (తీర్పు ప్రకారం కోర్టు ఇచ్చే ఉత్తర్వు), సూట్ రిజిస్టరు (దావాల నమోదు పుస్తకం) అడుగు.

మీది ఒంగోలు ప్రాంతం. 1904 దాకా అది నెల్లూరు జిల్లా, తర్వాత గుంటూరు జిల్లా, 1970లో గానీ సొంత జిల్లా కాలేదు. అందుకని దావా ఏ కాలం నాటిదో తేల్చుకుని బయల్దేరు. 1954కు ముందు హైకోర్టు అప్పీళ్లు మద్రాసుకే వెళ్లేవి.

దావా ఆచూకీ దొరక్కపోతే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ఉంది. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) 1983 నుంచే వస్తుంది, అంతకు ముందువి ఆఫీసులో పుస్తకాలు తిరగేయించాల్సిందే. పొలాలు, ఇళ్ల దస్తావేజులుండే ఒకటో పుస్తకాన్నీ, దాని ఇండెక్సునూ ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు. వీలునామాలు మూడో పుస్తకంలో ఉంటాయి, రాసినవారు పోయాక ఎవరడిగినా నకలు ఇస్తారు.

దస్తావేజు చేతికొస్తే అందరూ ఆస్తి వివరం చూసి మడిచేస్తారు. నువ్వు హద్దులు చదువు. తూర్పునా దక్షిణానా మీ ఇంటిపేరువాళ్ల చేలే ఉన్నాయంటే అంతకు ముందే ఒక పంపకం జరిగి ఉండొచ్చు. ఆ పేర్ల మీద మళ్లీ ఇండెక్సు వెతుకు. కింద సాక్షి సంతకాలు చూడు. బావమరిదో వియ్యంకుడో ఉండటం మామూలే, వేలిముద్ర పక్కన రాసిన పేరైనా సరే రాసుకో.

నువ్వు దావాలో పార్టీవి కాదు కనుక సర్టిఫైడ్ కాపీకి కారణం చూపిస్తూ అఫిడవిట్ పెట్టాలి. వంశ వివరాల కోసమని ఉన్నదున్నట్టు రాయి. మీ దాయాదులకూ ఆ మాట ముందే చెప్పు. పాత దావా తవ్వుతున్నావంటే పొలం కోసమే అనుకుంటారు, ఆ తర్వాత ఒక్కరూ నోరు విప్పరు.

ఈ లోపు మీ పెద్ద మేనత్తను కూర్చోబెట్టి అడుగు. వాయిదాలకు మగవాళ్లు ఏ ఊరు వెళ్లేవారు, ప్లీడరు ఎవరు, అప్పటికి ఆవిడ వయసెంత. కోర్టు, సంవత్సరం సగం అక్కడే తేలతాయి. మే నెలలో సివిల్ కోర్టులకు సెలవులు, జూన్‌లో రా. నేనూ నీ వెంట వస్తాను.

మీ మావయ్య