క్లీన్ రూల్ నడిపే ముందు

చిట్టీ,

నలభై మాడ్యూళ్ల రూల్స్ చేత్తో రాయకుండా మేక్‌ఫైల్ (ప్రోగ్రాం ఎలా బిల్డ్ చేయాలో మేక్‌కి చెప్పే ఫైలు) చేతే పుట్టిస్తానన్నావట, మీ అమ్మ చెప్పింది. ఎంత పొంగిపోయానో! రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

పేర్లన్నీ ఒకే తీరుగా ఉంటే అన్నిటికీ కలిపి ఒక్క ప్యాటర్న్ రూల్ చాలు. మాడ్యూల్ మాడ్యూల్‌కీ ఫైళ్లూ ఫ్లాగులూ మారితేనే డిఫైన్‌లో టెంప్లేట్ రాసి, ఫోరీచ్‌తో ఒక్కో మాడ్యూల్‌కీ తిప్పుతూ కాల్, ఎవాల్ వాడు: కాల్ టెంప్లేట్‌ని నింపుతుంది, ఎవాల్ దాన్ని మేక్‌ఫైల్‌లో భాగంగా చదువుతుంది. రెసిపీ లైను, అంటే రూల్ కింద నడిచే కమాండ్, ట్యాబ్‌తోనే మొదలవ్వాలి.

ఇక నా భయం డాలర్ గుర్తు గురించి. పేరు ముందు డాలర్ పెడితే మేక్ దాన్ని విప్పి, ఆ చోట విలువ పెడుతుంది. టెంప్లేట్‌ని కాల్ ఒకసారి విప్పుతుంది, ఎవాల్ మళ్లీ విప్పుతుంది. నేను టెంప్లేట్ మొదటి లైనులో మాడ్యూల్ డైరెక్టరీని ఒక వేరియబుల్‌లో పెట్టాను. కింద క్లీన్ రూల్‌లో (బిల్డ్ చేసిన ఫైళ్లు చెరిపేది) ఆర్ఎమ్ మైనస్ ఆర్ఎఫ్ (అడగకుండా చెరిపేసే కమాండ్), ఆ వేరియబుల్, వెనకాలే స్లాష్, స్టార్. డాలర్ ఒక్కటే వేశాను. ఎవాల్ చదివితేగానీ ఆ వేరియబుల్‌కి విలువ రాదు. కాల్ అంతకుముందే దాన్ని విప్పేసింది, ఖాళీ వచ్చింది. మిగిలింది స్లాష్, స్టార్, అంటే కంప్యూటర్‌లో ఉన్నదంతా!

ఎంటర్ కొట్టాను. బిన్, బూట్, ఈటీసీ... ఒక్కో సిస్టమ్ ఫోల్డర్‌కీ పర్మిషన్ లేదంటూ లైన్లు పరిగెత్తాయి. ఉన్నట్టుండి ఆగాయి. హమ్మయ్య అనుకున్నాను. అక్షరక్రమంలో హోమ్ వంతు వచ్చిందని, అక్కడి ఫైళ్లు నావే కాబట్టి అడ్డు చెప్పేవాళ్లు లేరని తట్టేసరికి ఆలస్యమైపోయింది. మూడు వారాల కోడ్, నీ తప్పటడుగుల ఫొటోలు పోయాయి. ఫొటోల సంగతి మీ అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు.

అందుకే చెప్తున్నా, విను. కాల్‌కి నువ్విచ్చే $(1) లాంటి వాటికే ఒక్క డాలర్. ఎవాల్ దాకా, రెసిపీ దాకా బతకాల్సిన వాటికి రెండు: $@ (రూల్ తయారుచేసే ఫైలు పేరు) అని కాదు, $$@ అని రాయి. చెరిపే దారి వేరియబుల్‌తో మొదలవ్వకూడదు, బిల్డ్ అనే ఫోల్డర్ పేరుని నేరుగా రాసేయ్. ముందుగా ఎవాల్ తీసేసి అక్కడ ఇన్ఫో పెట్టు, ఎవాల్ చదవబోయేది మొత్తం స్క్రీన్ మీద పడుతుంది. బద్ధకించకుండా ప్రతి లైనూ చదువు. నీకు తొందరెక్కువ, చిన్నప్పట్నుంచీ అంతే. ఆ తొందర వల్లే ఇంత దూరం వచ్చావు, అదీ తెలుసు.

ఇవాళే అంతా కమిట్ చేసి పుష్ చెయ్, కోడ్ కాపీ ఇంకోచోట భద్రంగా ఉంటుంది. ఇన్ఫో ఇచ్చిన అవుట్‌పుట్ నాకు పంపు, అర్ధరాత్రైనా చూస్తాను. అప్పటిదాకా క్లీన్ నడపకు తల్లీ.

మీ మావయ్య