జపాన్ వాళ్లకు విదేశీయులంటే పడదా? ఆరేళ్లు ఉండొచ్చిన నా అనుభవం

మీ ప్రశ్నలో రెండు సంగతులున్నాయి. విదేశీయుల్ని రానివ్వని హోటళ్లు ఉంటాయట, రైల్లో పక్కన కూడా కూర్చోరట, మరి అమ్మానాన్నల్ని తీసుకెళ్లొచ్చా అనేది ఒకటి. ఇలాగైతే వాళ్ల టూరిజం దెబ్బతినదా అనేది రెండోది.

మొదటిదానికి జవాబు: నిశ్చింతగా తీసుకెళ్లండి. 2016 నుంచి 2022 దాకా టోక్యోలో నిషి కసాయిలో ఉన్నాను. మనవాళ్లు ఎక్కువగా ఉండే పేట అది, కందిపప్పుకీ కరివేపాకుకీ లోటుండదు. ఆ ఆరేళ్లలో నన్ను చూసి గొంతు పెంచి మాట్లాడినవాళ్లు ఒక్కరూ లేరు. 2019లో అమ్మానాన్న వచ్చినప్పుడు క్యోటో సిటీ బస్సులో ఒక ముసలావిడ అమ్మ చీర అంచు పట్టుకుని చూసి, బ్యాగులోంచి రెండు చప్పరించే బిళ్లలు తీసి చేతిలో పెట్టింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. అయినా నాలుగు స్టాపులు మాట్లాడుకున్నారు.

అలాగని మీరు విన్నది అబద్ధం కాదు. పక్క సీటు ఖాళీగా ఉండిపోవడం నిజమే. కొత్తలో బాధేసేది, తర్వాత అలవాటైపోయింది. మా అమ్మకైతే అది సమస్యగానే తోచలేదు, సంచి పెట్టుకోవడానికి చోటు దొరికిందంది.

హోటళ్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. 2024లో టూరిస్టుగా మళ్లీ వెళ్లాను. క్యోటోలో నది పక్క సందులో ఓ చిన్న ఇజకాయాకు వెళ్లాం, అంటే మందూ చిరుతిళ్లూ దొరికే కొట్టు. ఎనిమిది కుర్చీలు, గోడ నిండా చేత్తో రాసిన మెనూ చీటీలు. మమ్మల్ని చూడగానే ఓనరు రెండు చేతులూ అడ్డంగా పెట్టి ఇంటూ గుర్తు చూపించాడు. మూడు కుర్చీలు ఖాళీగా కనిపిస్తూనే ఉన్నాయి. నాకొచ్చిన జపనీస్‌లో 'ఇద్దరమే, చీటీలు చదవగలను' అన్నాను. చేతులు కిందికి దిగాయి. 'పచ్చి చేప తింటారా?' అని అడిగాడు. తింటామన్నాక కూర్చోమన్నాడు.

బిల్లు కట్టేటప్పుడు తనే చెప్పుకొచ్చాడు. ఇలాంటి కొట్లలో కూర్చోగానే అడక్కుండానే 'ఒతోషి' అని ఒక చిన్న గిన్నె పెడతారు. దానికీ డబ్బు కట్టాలి, అదే ఆ సీటు ఖర్చనుకోవచ్చు. బయటివాళ్లకు ఇది తెలీదు. మేం ఆర్డర్ చేయలేదు కదా అని గొడవకు దిగుతారు. నలుగురొచ్చి ఒక్క బీరుతో రెండు గంటలు కూర్చుంటారు. ఇంగ్లిష్‌లో సర్దిచెప్పే ఓపిక ఆయనకు లేదు, ఆ భాషా లేదు. అందుకే గుమ్మంలోనే ఆపేస్తాడు. నేను చూసినంతలో ఈ నిరాకరణల్లో ఎక్కువ భాగం ద్వేషం కాదు, 'వీళ్లతో ఏదైనా తేడా వస్తే ఎలా' అనే టెన్షన్.

కానీ ఆ టెన్షన్‌కు మొహం చూసి కొలత వేస్తారే, అక్కడ నాకు ఒప్పుదల లేదు. 1999లో ఉత్తరాన హొక్కైడో దీవిలోని ఒతారు అనే రేవు ఊళ్లో ఒక వేడినీళ్ల స్నానశాల విదేశీయుల్ని రానివ్వలేదు. రష్యన్ నావికులు తాగొచ్చి గొడవ చేస్తున్నారన్నది వాళ్ల కారణం. అమెరికాలో పుట్టి 2000లో జపాన్ పౌరసత్వం తీసుకున్న ఒకాయన తన కాగితాలు చూపించినా కుదరదన్నారు. 2002లో సప్పోరో కోర్టు ఇది వివక్షేనని తేల్చి, కేసు వేసిన ముగ్గురికీ తలా 10 లక్షల యెన్లు ఇప్పించింది. ఇన్నేళ్లయినా ప్రైవేటు కొట్లలో ఇలాంటి జాతివివక్షను నేరుగా నిషేధించే జాతీయ చట్టం అక్కడ రాలేదు.

అసలు తేడా టూరిస్టుకు తెలీదు, అద్దె ఇల్లు వెతికినవాడికి తెలుస్తుంది. మా ఏజెంటు నా ముందే ఓనర్లకు ఫోన్ చేసేవాడు. జీతం చెప్పేవాడు, కంపెనీ చెప్పేవాడు, అంతా బాగానే సాగేది. చివర్లో గొంతు తగ్గించి 'గైకొకుజిన్ అండీ' అనేవాడు, అంటే విదేశీయుడని. అవతలి నుంచి ఏదో చిన్న మాట వినిపించేది, ఇతను ఫోన్‌కే తల వంచి క్షమాపణ చెప్పేవాడు. అలా పదకొండు ఫోన్లు. ఇదేదో నా ఒక్కడి దురదృష్టం కాదు. వాళ్ల న్యాయశాఖే 2017లో బయటపెట్టిన సర్వేలో, అంతకుముందు ఐదేళ్లలో ఇల్లు వెతికిన విదేశీయుల్లో దాదాపు 40 శాతం మంది విదేశీయులనే కారణంతో కాదనిపించుకున్నామని చెప్పారు. కరోనా అప్పుడు ఇంకా ఘోరం. జపాన్ పౌరులు తిరిగి రావచ్చు, అక్కడే ఇల్లూ ఉద్యోగమూ ఉండి పన్ను కట్టే విదేశీయులు మాత్రం రాకూడదన్నారు. పెళ్లికని గుంటూరు వెళ్లిన మా పక్క ఫ్లాటాయన నెలల తరబడి అక్కడే ఉండిపోయాడు, టోక్యోలో అద్దె కడుతూ. అతిథికి చేసే మర్యాద వేరు, పొరుగువాడిగా ఒప్పుకోవడం వేరు.

ఇక టూరిజం. దెబ్బతినడం మాట అటుంచండి, ఆపలేక అవస్థ పడుతున్నారు. 2003లో ప్రభుత్వం 'జపాన్ రండి' అని ప్రచారం మొదలుపెట్టినప్పుడు ఏడాదికి వచ్చేది 52 లక్షల మందే. 2013లో కోటి దాటారు, 2024లో దాదాపు 3.69 కోట్లు, 2025లో తొలిసారి 4 కోట్లు దాటారు. వీసాలు సులువు చేయడం ఒక కారణం, యెన్ పడిపోవడం ఇంకో పెద్ద కారణం. 2024 జులైలో డాలరుకు 160 యెన్లు దాటింది. కొట్టువాడి ముఖం చూసి ప్రయాణం మానుకునేవాళ్లు తక్కువ, రేటు చూసి టికెట్ కొనేవాళ్లు ఎక్కువ.

నాకు కనిపించిన మార్పు దీనికి అటువైపుది. విదేశీయుల పట్ల తీరు టూరిజాన్ని మార్చలేదు గానీ, టూరిజం ఆ తీరును మారుస్తోంది. 2019లో అమ్మకు బిళ్లలిచ్చిన ఆ బస్సులోనే 2024లో సూట్‌కేసుల మధ్య నిలబడే చోటు లేక స్థానిక ముసలివాళ్లు తర్వాతి బస్సు కోసం ఆగిపోతున్నారు. క్యోటోలోని గియోన్ పేటలో గెయిషాల (సంప్రదాయ ఆటపాటల కళాకారిణుల) వెంటపడి ఫొటోలు తీస్తున్నారని ప్రైవేటు సందులు మూసేసి, 10,000 యెన్ల జరిమానా బోర్డులు పెట్టారు. ఫుజి కొండ కింద కవాగుచికో ఊళ్లో ఒక లాసన్ కొట్టు వెనక కొండ అందంగా కనిపిస్తుందని జనం రోడ్డు మీదే నిలబడుతుంటే, 2024 మేలో ఏకంగా నల్ల తెర కట్టేశారు. హిమేజీ కోటకు విదేశీయుల దగ్గర ఎక్కువ టికెట్ తీసుకుందామన్నారు, చివరికి ఊరివాళ్లకో రేటు, మిగతా అందరికీ ఒక రేటు అని సర్దుకున్నారు. (గోల్‌కొండ టికెట్ కౌంటర్ బోర్డు చూసినవాళ్లం, దీని మీద మనం నోరెత్తకపోవడం మంచిది.) 2025 జులై ఎన్నికల్లో 'జపనీయులే ముందు' అన్న పార్టీకి ఎగువ సభలో 14 సీట్లు వచ్చాయి. టూరిస్టు మీది చిరాకూ, అక్కడ పనిచేసుకునే విదేశీయుడి మీది అనుమానమూ కలిసిపోతున్నాయి. రెండో రకం వాడిగా ఉండొచ్చాను కాబట్టి నాకు బెంగ దాని గురించే.

మీ ప్రయాణానికి వస్తే, మార్చి చివరి నుంచి ఏప్రిల్ మొదటి వారం దాకా క్యోటో జోలికి పోకండి, చెర్రీ పూల కోసం వచ్చే జనంతో కిటకిటలాడుతుంది. అమ్మగారు శాకాహారి అయితే 'చేప రసం కూడా వద్దు' అని జపనీస్‌లో ఒక కాగితం మీద రాయించుకోండి, కూరగాయల వంటకంలో కూడా తరచూ చేప రసం ఉంటుంది. నాన్నగారికి రైల్లో ఫోన్ మాట్లాడకూడదని ముందే చెప్పండి.

మా నాన్నకు నేను చెప్పడం మర్చిపోయాను. టోక్యోలో తోజాయ్ లైన్ మెట్రో రైల్లో ఉండగా పెద్దమ్మ వీడియో కాల్ చేస్తే స్పీకర్ పెట్టి ఎత్తారు. పెద్దమ్మ మామిడికాయ పచ్చడి గురించి చెబుతోంది, బోగీ అంతా వింటోంది. ఎవరూ ఏమీ అనలేదు. ఎదురు సీటాయన మాత్రం పేపర్ మడిచి లేచి పక్క బోగీలోకి వెళ్లిపోయాడు.

'చూశావా, మనమంటే ఎంత చులకనో' అన్నారు నాన్న నా వైపు తిరిగి. పెద్దమ్మ ఇంకా లైన్లోనే ఉంది.